నూకాలమ్మ రక్తం చెప్పిన సాక్ష్యం

మా జిల్లా పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు మందులిచ్చే సెంటరు సైకిల్ స్టాండుకూ శవాల గదికీ మధ్యన ఉంటుంది. తెలిసినవాళ్ళు ఎదురైతే సైకిలు కోసం వచ్చామని చెప్పుకోవచ్చు. మరీ దగ్గరివాళ్ళు ఎదురైతే శవం కోసం వచ్చామని చెప్పుకోవచ్చు. కట్టినవాళ్ళు ఇంత ఆలోచించి కట్టారో లేదో తెలీదు గాని, మాకు సుఖంగా ఉండేది.

నెలకోసారి వెళ్ళి డబ్బా తెచ్చుకోవాలి. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవాలి. వేసుకున్నన్నాళ్ళు మేమూ అందరిలాగే మేకలు కాస్తాం, కూలికి వెళతాం, పొరుగువాళ్ళతో తగువులాడతాం. మానేస్తే మాత్రం లోపలున్న పురుగు మందుకు మొండికేస్తుంది. ఆ తర్వాత అదే మందు దానికి ఫలహారం. ఈ సంగతి కౌన్సిలరు రెబ్కా మేడం మాకు ఎన్నిసార్లు చెప్పిందంటే, నా మేకలకు కూడా కంఠతా వచ్చు.

నూకాలమ్మా నేనూ ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆమెది పక్క ఊరు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. బట్టీలో జీడిపిక్కలు కొడుతుంది. పిక్క పగిలితే చమురు చిమ్ముతుంది, చమురు తగిలితే తోలు లేస్తుంది. అందుకని చేతులకు బూడిద రాసుకుని కొడతారు. ఆ ఎండాకాలం ఆమె కుడిచేతి బొటనవేలు పుండు పడి, చీము పట్టి, చెయ్యంతా గుమ్మడి పిందెలా వాచింది. పాత చీర పేలిక చుట్టుకుని వచ్చేది. బస్సులో అందరూ ఆ చెయ్యి చూసి చోటిచ్చేవాళ్ళు.

అలాంటి రోజుల్లో మా సూపరింటెండెంటు డాక్టర్ చక్రపాణి గారు ఎక్కడో పెద్ద ఊళ్ళో సదస్సుకు వెళ్ళి, మెడలో ఒక పట్టీతో, చేతిలో ఒక సంచీతో, నోట్లో ఒక మాటతో తిరిగొచ్చారు. సంచీ ఇంట్లో ఇచ్చేశారు. పట్టీ చాలా రోజులు మెడలోనే ఉంచుకున్నారు. మాట మాకిచ్చారు.

మమ్మల్నందరినీ రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి ఆయన చెప్పారు: "దేశవిదేశాల పండితులు హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తాన్ని పరిశీలించి ఉన్నారు. వారిలో కొందరు ఉత్తేజక మాదకద్రవ్యాలు, అనగా నిద్ర పట్టనీయక గుండెను పరుగెత్తించే పౌడర్లు సేవించేవారు ఉన్నారు. అట్టివారి రక్తంలో కొన్ని మాంసకృత్తులు పెరుగుచున్నవని తేలింది. ఒంట్లో ఎక్కడో మంట రేగుతోందని చెప్పే మాంసకృత్తులు అవి."

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. తర్వాత ఆయన "కావున" అన్నారు. చదువుకున్నవాడు కావున అన్నాడంటే దారిలోంచి తప్పుకోవాలి. మేం కూర్చుని ఉండడం వల్ల తప్పుకోలేకపోయాం.

"కావున, ఎవరి రక్తంలో సదరు మాంసకృత్తులు పెరిగి ఉన్నవో, వారు ఉత్తేజక మాదకద్రవ్యాలు సేవించినట్లు ఇందుమూలంగా నిర్ధారించబడును. మనిషి అబద్ధమాడవచ్చు. రక్తం ఆడదు."

వానొస్తే నా గేదె తడుస్తుంది. అయితే గేదె తడిసి కనిపించినప్పుడల్లా వానొచ్చిందని మా ఇంట్లో ఎవరూ అనుకోరు. గెడ్డ నీళ్ళలో దిగి ఉంటుందనుకుంటాం. కాని మేమెవరమూ సదస్సుకు వెళ్ళినవాళ్ళం కాదు.

ఈ పనికోసం ప్రాజెక్టు అధికారి ఒకాయన వచ్చాడు. పేరు నిర్మల్ రాజా. సన్నగా, పొడుగ్గా, రెప్ప వెయ్యకుండా ఉండేవాడు. మాట మొదలెడితే మధ్యలో ఊపిరి తీసుకునేవాడు కాదు. ప్రాజెక్టు మంజూరైన నాటినుంచి తనకు నిద్రే లేదని చెప్పుకునేవాడు. "చూశారా, కర్తవ్యదీక్ష!" అని చక్రపాణి గారు మాకు చూపించేవారు. నిర్మల్ రాజా గారికి మండుటెండల్లో కూడా జలుబే. గంటకోసారి జేబులోంచి చిన్న పొట్లం తీసి, గోడవైపు తిరిగి, ముక్కు తుడుచుకుని వచ్చేవాడు. జలుబు చేసినవాడు అంత సంతోషంగా తిరిగి రావడం నేను ఎక్కడా చూడలేదు.

అందరి రక్తం తీశారు. నాకు చిన్నప్పటినుంచి చుట్ట అలవాటు, సంతరోజున కల్లు అలవాటు. నా రక్తం చాలా బాగుందట. "సింహాచలం, నువ్వు ఆదర్శ రోగివి" అని చొక్కాకు ఆకుపచ్చ రిబ్బను గుచ్చారు. ఆ రిబ్బను ఉన్నవాడు ఆసుపత్రిలో ఎక్కడికైనా వెళ్ళవచ్చు, మిగతావాళ్ళకు నీతి చెప్పవచ్చు. నేను మొదటిది చేశాను.

నూకాలమ్మ రక్తంలో మాంసకృత్తులు ఆకాశంలో ఉన్నాయి. విచారణకు పిలిచారు. ఆదర్శ రోగి కాబట్టి నన్ను సాక్షిగా పక్కన కూర్చోబెట్టారు.

నూకాలమ్మ వాచిన చెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. చక్రపాణి గారు ఆ చేతిని కొంచెం పక్కకు జరిపించి, దాని కింద ఉన్న కాగితం చదివారు.

"ఏం వాడుతున్నావమ్మా?"

"మాత్రలండి. మీరిచ్చినవే."

"అవి కాకుండా?"

"అవి కాకండా అంబలండి."

"ఏదైనా పీలుస్తావా?"

"బట్టీలో పొగొస్తాది కదండి. పీల్చకపోతే ఊపిరెలగాడతాది?"

నిర్మల్ రాజా రాసుకున్నాడు: పీల్చును.

"పీల్చినాక గుండె దడదడలాడుతుందా?"

"మేస్త్రీ ఎనకాల నిలబడితే ఆడతాదండి."

"రాత్రులు నిద్ర పడుతుందా?"

"ఈ సెయ్యి ఇలగ సలుపుతా ఉంటే నిద్దరెక్కడిదండి బావూ."

"నిద్రలేమి. స్వయంగా ఒప్పుకున్నది" అన్నాడు నిర్మల్ రాజా, సొంతవాళ్ళు దొరికినంత సంబరంగా.

"నాకు సెయ్యి వాసినాదండి. మీరొక్కపాలి సూడండి."

"చెయ్యి నీ అభిప్రాయం" అన్నారు చక్రపాణి గారు. "ఇది రక్తం."

తర్వాత నిబంధన చదివారు. మత్తు విడిచేదాకా మాత్రల పంపిణీ నిలుపుదల చేయవలెను.

నూకాలమ్మ మొహం అప్పటిదాకా బాగానే ఉంది. ఆ మాటకు తెల్లబోయింది. "బాబ్బాబు, డబ్బా అడుగుకొచ్చీసినాదండి. మానీకూడదని మేడమే సెప్పినాది."

"మానకూడదు. అది నిబంధన" అన్నారు ఆయన. "ఇవ్వకూడదు. ఇదీ నిబంధనే. రెండింటినీ గౌరవించాలి."

"మరి నానేటి సెయ్యాల?"

"ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవారిని వార్డులో చేర్చుకుని, మాన్పించి, మానినాక మాత్రలిస్తాం."

"ఒప్పుకోకపోతే?"

"అలవాటు లేనివారిని మాన్పించడానికి నిధులు లేవు."

"అయితే ఒప్పుకుంతాను. ఏది ఒప్పుకోవాలో సెప్పండి."

"అది నువ్వే చెప్పాలి. మేం చెబితే బలవంతం కిందికి వస్తుంది."

నూకాలమ్మ నావైపు చూసింది. నేను కిటికీలోంచి శవాల గది వైపు చూశాను. అక్కడ మనుషులు ప్రశాంతంగా ఉన్నారు.

"మీకు తోసింది రాసీండి బావూ" అంది చివరకు. "ఏలుముద్ర ఏసేస్తాను. ఎడం సేతిదేస్తాను. కుడిసెయ్యి ఏలేదో నాకే తెలవడం నేదు."

"ఎవరిచ్చారని రాయమంటావు?"

"నాకేదిచ్చినా ఈ ఆసుపత్రే ఇచ్చినాదండి."

అంతసేపూ ఆగకుండా నడిచిన నిర్మల్ రాజా కలం ఆగింది. "ఆ వాక్యం వద్దు" అన్నారు చక్రపాణి గారు.

మాన్పించే వార్డు కోసం సైకిల్ స్టాండుకు తడికలు కట్టి, మంచాలు వేశారు. సైకిళ్ళు రోడ్డు మీదికి పోయాయి. దాంతో మాకు చెప్పుకోవడానికి శవం ఒక్కటే మిగిలింది.

వార్డు నిండిపోయింది. ఒకడికి చెవిలో చీము. ఒకడికి తొడమీద సెగ్గడ్డ. ఒకామెకు విడవని దగ్గు. అందరూ మత్తుకు బానిసలే. మాకు పోషణ కోసమని రోజుకో గుడ్డు ఇచ్చేవారు, అది ఆగిపోయింది. గోడకు ఉత్తర్వు అంటించారు: 'రక్తమునందు మాంసకృత్తులు మితిమీరియున్నందున, మాంసకృత్తులు కలిగియున్న గుడ్డును తక్షణమే నిషేధించడమైనది. పప్పునందు పప్పును తగ్గించవలెను.' పప్పులో పప్పును కాంట్రాక్టరు ఎప్పుడో తగ్గించాడు. ఇప్పుడు పాపం ఆయనకు ఉత్తర్వు దొరికింది. బీరువాలో దాచుకునే దస్తావేజుకు పెట్టినట్టు ఆ కాగితానికి దణ్ణం పెట్టి నకలు తీసుకున్నాడు.

ఊరంతా తిరిగి ఊరేగింపు చేశాం. 'మాంసకృత్తులు మానేద్దాం, మంచి రక్తం పెంచేద్దాం' అని అరవమన్నారు. కోడి మాంసం కొట్టు ముందు నినాదం రెండింతలు గట్టిగా చెప్పమన్నారు. కొట్టువాడు కత్తి పట్టుకుని బయటికొచ్చాడు, విషయం విని లోపలికి పోయాడు, మళ్ళీ వచ్చి "మీ డాక్టరుగారు నిన్ననే కిలో పట్టుకెల్లినాడు కదరా" అన్నాడు. పరిశోధనకేమోనని చెప్పాను.

ఇక మానడం ఎలాగన్నది తేలాలి. మాన్పించే పద్ధతి మీద ఆసుపత్రిలో ఒకే పుస్తకం ఉంది, సారా మాన్పించే రోజుల నాటిది. నిర్మల్ రాజా దాన్ని ఒక్క పూటలో చదివేసి, ఒక్క ఊపిరిలో అప్పజెప్పాడు: "అలవాటు మానేటప్పుడు రోగికి వణుకు వస్తుంది, వణుకు వచ్చి తగ్గితే నయమైనట్టు, వణుకు రాకపోతే రోగి ఇంకా దొంగచాటుగా వాడుతున్నట్టు, కాబట్టి వణకనివారిని వదలరాదు!"

దాని కింద చక్రపాణి గారు 'వణుకు నమోదు కానిదే ఏ వైద్యమూ చేయరాదు' అని నిబంధన రాశారు. ఎవరూ వణకలేదు. మే నెల. రేకుల కింద అందరికీ చెమటలు కారుతున్నాయి.

రెబ్కా మేడం మంచం మంచం దగ్గరికి వెళ్ళి బతిమాలింది. "అమ్మా, కొంచెం వణకండమ్మా. బాబూ, మీ పుణ్యముంటుంది, చేతులైనా ఆడించండి. పైకి రాసి పంపాలి నేను."

"ఒనుకు రావాలంటే సలైనా ఉండాల, బయమైనా ఉండాల కదమ్మా" అన్నాడు సెగ్గడ్డాయన. "సూదేసినా బయమెయ్యడం నేదు మాకు."

నూకాలమ్మ మాత్రం రోజూ సాయంత్రం గోడ గడియారం చూసేది. అది మాత్ర వేళ. ఆమె డబ్బా ఖాళీ అయ్యాక నా డబ్బా నేను వార్డుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఇద్దరిదీ ఒకే మాత్ర. ఆదర్శ రోగి సంచీని ఎవరూ వెతకరు. నాకొకటి, ఆమెకొకటి. డబ్బా ఒకరికి లెక్కగట్టి ఇచ్చింది. ఇద్దరు తింటే రెండింతలు తొందరగా తరిగింది. నా కొత్త డబ్బా రావడానికి ఇంకా సగం నెల ఉంది.

"సింవాచలం, నువ్వూ సస్తావు" అంది.

"చుట్టకే చావలేదు" అన్నాను.

వణుకు నేర్పింది కూడా నూకాలమ్మే. చిన్నప్పుడు మేమందరం చలిజ్వరం వచ్చినవాళ్ళమే. ఆ వణుకు ఒళ్ళు మర్చిపోదు. "ముందల పల్లు కొట్టుకోవాల. ఆ తరవాత మోకాల్లు. ఒల్లు ఒదిలీండి, అదే పోతాది" అని ఆమె మంచం మీద కూర్చుని చూపించింది. సాయంత్రానికి వార్డు వార్డంతా వణకడం మొదలైంది. ఇనప మంచాలు గడగడలాడాయి. దగ్గామె నవ్వు ఆపుకోలేక దగ్గింది, దగ్గు కూడా వణుకులో కలిసిపోయింది. రెబ్కా మేడం కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ "స్తోత్రం, స్తోత్రం" అంటూ రాసుకుంది.

ఆ మేడం మరో పని కూడా చేసింది. కౌన్సిలరుకు పుండ్లతో సంబంధం లేదు. అయినా ఊరికే ఉండలేక, రోజూ నూకాలమ్మ చెయ్యి కడిగి, చీము తీసి, మందు పెట్టి కట్టు కట్టింది. బట్టీ లేదు, చమురు లేదు. చెయ్యి మానింది. మళ్ళీ రక్తం తీస్తే మాంసకృత్తులు దిగిపోయాయి.

"వణుకు వల్లనే!" అన్నారు చక్రపాణి గారు. పైకి నివేదిక వెళ్ళింది. పైనుంచి ప్రత్యేకాధికారి దాక్షిణ్యమూర్తి గారు దిగారు.

ఆయన వస్తున్నారని చక్రపాణి గారు ఆ ఎండలో మెడకూ చెంపలకూ మఫ్లరు చుట్టుకుని నిలబడ్డారు. ఒక పక్క బుగ్గ కొబ్బరి బొండంలా ఉబ్బి ఉంది. మాట సగమే బయటికొస్తోంది. పిప్పిపన్ను.

వార్డులోకి అధికారి అడుగు పెట్టగానే అందరం వణికాం. రిబ్బను ఉన్నవాణ్ణయినా నేను కూడా వణికాను, ఊరికే ఉంటే బాగోదని. సెగ్గడ్డాయన మంచం వణికి వణికి కదులుకుంటూ వచ్చి అధికారి గారి కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన చలించిపోయారు.

"వణుకులో క్రమశిక్షణ ఉంది" అన్నారు. "ఐకమత్యం ఉంది. ఈ మహత్తర కార్యక్రమాన్ని రోగులకే పరిమితం చేయుట సబబు కాదు. సిబ్బందికి కూడా విస్తరింపజేయవలసియున్నది."

అక్కడికక్కడే సిబ్బంది రక్తం తీశారు. ఫలితాలు ఆయనే పైకి చదివారు. అందరికన్నా నిర్మలమైన రక్తం నిర్మల్ రాజాది. ఆ సంగతి విని ఆయన జలుబు తుడుచుకుని వచ్చి, నిలబడిన చోటే గంతులు వేశాడు. అందరికన్నా మాంసకృత్తులు ఎక్కువ ఉన్నది డాక్టర్ చక్రపాణి గారికి.

"సార్, నా పన్ను..." అన్నారు చక్రపాణి గారు మఫ్లరు విప్పుతూ. బుగ్గ మొత్తం అందరికీ కనిపించింది.

దాక్షిణ్యమూర్తి గారు బుగ్గవైపు చూడలేదు. ఫైలు తెరిచారు. "మనిషి అబద్ధమాడవచ్చు, రక్తం ఆడదు. మీ వాక్యమే కదా డాక్టరు గారూ. చాలా మంచి వాక్యం. జిల్లాలన్నిటికీ పంపించాం."

ఆ సాయంత్రమే చక్రపాణి గారిని సైకిల్ స్టాండులో చేర్చారు. నిర్మల్ రాజా ఇన్‌ఛార్జి సూపరింటెండెంటు అయ్యాడు.

అందరూ ఈ సంబరంలో ఉంటే నూకాలమ్మకు నయమైపోయిన సంగతి ఎవరికీ పట్టలేదు. రక్తం బాగుంది, వణికింది, తగ్గింది. కాని డబ్బా ఇవ్వాలంటే సూపరింటెండెంటు సంతకం కావాలి. వెళ్ళిన సూపరింటెండెంటు బానిస కాబట్టి ఆయన సంతకం చెల్లదు. కొత్తాయన ఆసుపత్రంతా తిరుగుతూ ఎక్కడా నిలబడడు.

ఆ మర్నాడు సాయంత్రం నా డబ్బా వంచితే ఒకే మాత్ర పడింది. నేను నూకాలమ్మకు ఇచ్చాను. ఆమె నా అరచేతిలో పెట్టేసింది.

"నీదే. నువ్వేసుకో."

"నీకు చిన్నపిల్ల ఉంది" అన్నాను.

"నీకు మేకలున్నాయి కదా." నవ్వింది గాని, చెయ్యి వణికింది. అది నేర్చుకున్న వణుకు కాదు.

రెబ్కా మేడం మా ఇద్దర్నీ, మధ్యలో ఉన్న మాత్రనూ చూసింది. ఆఫీసులోకి వెళ్ళి దొరికిన కాగితాలన్నీ ఎత్తుకుంది. సెలవు చీటీలు, కరెంటు బిల్లులు, శవాల గది తాళం తాలూకు అర్జీ, వాటి మధ్యలో నూకాలమ్మ డబ్బా కాగితమూ, నాదీ. అంత దొంతరా గుండెకు హత్తుకుని వరండాలో నిలబడింది. నిర్మల్ రాజా మూడో చుట్టు తిరిగి వస్తుంటే అడ్డంగా పెట్టింది.

"ఏంటివి?"

"సంతకాలండి."

"ఇంతేనా? ఇంకా లేవా?" అన్నాడాయన కళ్ళు మెరిపిస్తూ. నిలబడే, గోడకు ఆనించి, ఒక్కొక్కటీ చదవకుండా టపటపా గీసేశాడు. కాగితాలు అయిపోతే గోడమీద కూడా రెండు సంతకాలు పెట్టాడు. మళ్ళీ జలుబు వచ్చి వెళ్ళిపోయాడు.

కౌంటరులో డబ్బాలు ఇచ్చారు. నూకాలమ్మ బస్సు దాకా ఆగలేదు. మూత పళ్ళతో తీసి, మాత్ర నాలిక మీద వేసుకుని, కుళాయి కింద దోసిలి పట్టింది. మింగి, కాసేపు అలాగే కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ తర్వాత మొహం కడుక్కుని, నన్ను చూసి, "పద, బస్సు పోతాది" అంది.

స్టాండు పక్కనుంచే దారి. తడికల్లోంచి చక్రపాణి గారు కనిపించారు. మంచం మీద బిగుసుకుని కూర్చున్నారు. బుగ్గ ఇంకా పెరిగింది. రెబ్కా మేడం ముందు నిలబడి ఉంది. "సార్, కొంచెం ప్రయత్నించండి సార్. పళ్ళ డాక్టరు గారు బయటే ఉన్నారు. కాని వణుకు నమోదు కాందే ఏ వైద్యమూ చేయకూడదని రాసింది మీరే సార్." ఆయన చేతులు ఆడించబోయారు. చెయ్యి ఆడలేదు, ఒళ్ళంతా నిబంధన పుస్తకంలా నిటారుగా ఉంది.

నూకాలమ్మ ఆగింది. సంచీ నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. బస్సు హారను వేస్తోంది. ఆమె వెనక్కి చూడలేదు.

ఆమెను చూడగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నూకాలమ్మా, నేనేమీ వాడలేదు తల్లీ."

"తెలుసండి బావూ" అంది, ఆయన పక్కన మంచం మీద కూర్చుంటూ. "మొకం సూస్తే తెలవడం నేదేటి? అదంతా తరవాత. ముందల ఒనకండి."